సెలవు దినాలు, సేవా దినాలు



మార్కు సువార్త 6వ అధ్యాయం, 30 నుండి 44 వరకు వచనాలు తెరవండి. శిష్యులు సేవ చేసి అలసిపోయి వచ్చారు. భోజనానికి కూడా తీరిక లేదు. విశ్రాంతి కోసం ప్రభువు వారిని ఏకాంత స్థలానికి తీసుకొని వెళ్లాడు. దోనె దిగేసరికి అక్కడ గొప్ప జనసమూహం! ప్రభువు విసుగుకొనలేదు, కనికరపడ్డాడు. చూశారా, విశ్రాంతి, సేవ ఒకే దినాన కలిశాయి.

ఈ రోజుల్లో మన విశ్వాసులు అనేకులు సెలవులకు విదేశాలు వెళ్తున్నారు. "అయ్యగారూ, పది రోజుల యాత్రలో రెండు మూడు రోజులు ప్రభువు పనికి ఇవ్వవచ్చా?" అని అడుగుతారు. మంచి తలంపే. అయితే నా అనుభవం ఒకటి వినండి.

కొన్నేళ్ల క్రితం కొందరు సహోదరులతో కంబోడియా వెళ్లాను. ఆంగ్‌కోర్ వాట్ చూశాం. తరువాత మూడు రోజులు ఒక పిల్లల ఆశ్రమంలో గడిపాం. పాటలు నేర్పాం, బిస్కెట్లు పంచాం, ఫొటోలు తీసుకున్నాం. బయలుదేరేటప్పుడు ఒక చిన్నపిల్ల నా చొక్కా పట్టుకొని వదలలేదు. అక్కడి వంటమనిషి చెప్పిన మాట మా గైడు మాకు వివరించాడు: "ప్రతి వారం ఎవరో వస్తారు, ప్రేమ చూపి వెళ్లిపోతారు. రాత్రంతా పిల్లలు ఏడుస్తారు. ఈ పిల్లకు తల్లి ఉంది, పేదరికం వల్ల ఇక్కడ వదిలింది."

ఆ దేశపు ఆశ్రమాలలోని పిల్లల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి తల్లో తండ్రో బ్రతికే ఉన్నారని 2011లో యూనిసెఫ్ సహకారంతో వెలువడిన అధ్యయనం తెలిపింది. మేము పంచినదానితో ఆ తల్లికి ఒక ఆధారం చూపి ఉంటే? ప్రియులారా, ఆ రాత్రి నాకు ప్రార్థన రాలేదు.

అయితే మానుకోవాలా? కాదు, నేర్చుకోవాలి.

మొదటిది, ముందు అడగండి. ప్రభువు మొదట, రొట్టెలు ఎన్ని ఉన్నాయో చూడమన్నాడు. ఆ రొట్టెలు అక్కడే ఉన్న ఒక చిన్నవానివని యోహాను సువార్త 6వ అధ్యాయం చెబుతుంది. అక్కడి సంఘానికి ఏమి ఉందో, ఏమి అవసరమో వారినే అడగండి.

రెండవది, మీకు చేతనైన పనే చేయండి. 1978లో ప్రారంభమైన మెర్సీ షిప్స్ ఆసుపత్రి ఓడలలో డాక్టర్లు, నర్సులే కాదు, వంటవారు, ఎలక్ట్రీషియన్లు కూడా తమ ఖర్చులు తామే భరించి సేవ చేస్తారు. ఆ దేశపు చట్టాన్నీ గౌరవించండి. మన దేశంలో విదేశీయులు టూరిస్టు వీసాపై మతప్రచారం చేయకూడదు, దానికి మిషనరీ వీసా వేరు. మనం వెళ్లే చోట నియమమేమిటో ముందే తెలుసుకోవద్దా?

మూడవది, తిరిగి వచ్చాక మరువకండి. 1866లో ఒంగోలు వచ్చిన జాన్ క్లౌ దొరగారు, 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకపు కాంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలిపని కల్పించారు. పదేళ్లు మన మధ్య నివసించి, మన భాష నేర్చినందుననే అది సాధ్యమైంది. మూడు రోజుల్లో మనం క్లౌగారం కాలేము. కానీ ఏళ్ల తరబడి అక్కడే ఉండి కష్టపడే సేవకుల చేతులు బలపరచగలం.

సహోదరీ, సహోదరుడా, నీ సూట్‌కేసు సర్దుకొనే ముందు ఒక్క ప్రశ్న వేసుకో: నేను వచ్చేశాక అక్కడ మిగిలేది సంతోషమా, కన్నీరా?

ప్రార్థన చేద్దాం. ప్రభువా, మా విశ్రాంతిని దీవించుము. మా కనికరమునకు జ్ఞానమును దయచేయుము. ఆమేన్.