సంగటి ముద్ద తినే కుక్క ఎవరిది?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నన్ను చదువు గురించి మాట్లాడమన్నారు. చదువు గురించి చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను కుక్కల గురించి చెప్తాను.

మన యానాదోళ్లకు కుక్క కొత్త కాదు. మా తాత ఎలక బొక్కకు కుండతో పొగ పెడితే, ఇంకో బొక్క దగ్గర కుక్క కాచుకుని ఉండేది. దానికి పేరుండేది, ఇల్లుండేది. ఇప్పుడు కాలనీలో పది ఇళ్ల సంగటి తినే కుక్కకు ఇల్లు లేదు. ముద్ద పెట్టేటప్పుడు అందరిదీ, కరిచినప్పుడు ఎవరిదీ కాదు.

విషం పెడదామనేవాళ్లున్నారు. అది నేరం, పైగా పని జరగదు. చెత్తకుప్ప ఉన్నంతకాలం పక్క వీధి కుక్కలొచ్చి చేరతాయి. 2023 నాటి నియమాల ప్రకారం వీధికుక్కలను పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టినచోటే వదలాలి. చెవి కొంచెం కత్తిరించి ఉంటే ఆపరేషన్ అయినట్టు గుర్తు. మీ కాలనీలో అలాంటివెన్నో లెక్కపెట్టండి. లేకుంటే నలుగురు పోయి మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో అర్జీ ఇవ్వండి. మనం అడగందే ఆ బండి మన వీధికి రాదు.

హాస్టల్ సంగతి వేరు. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల ఆవరణల్లోంచి పట్టిన కుక్కలను మళ్లీ అక్కడ వదలొద్దని 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు చెప్పింది. మిగిలిన అన్నం గేటు దగ్గర పోయొద్దని వంటామెకు చెప్పినాను. పిల్లలు అలిగినారు. ఆ అలక నాకిష్టమే. కానీ చిన్నపిల్ల ముఖం కుక్క నోటికి ఎంత దగ్గరో చూడండి. తింటున్న కుక్కను, పిల్లల తల్లిని కదిలించొద్దు. వెంటపడితే పరిగెత్తొద్దు.

కరిస్తే కారం, సున్నం, పసరు ఏదీ పెట్టొద్దు. పదిహేను నిమిషాలు కొళాయి నీళ్లకింద సబ్బుతో కడిగి, అదేరోజు సర్కారు ఆసుపత్రికి పోవాలి. టీకా ఉచితం. రక్తం వచ్చిన గాయమైతే గాయం చుట్టూ ఇంకో మందు సూది కూడా వేయాలి, అడగండి. రేబిస్ లక్షణాలు బయటపడినాక బతికినవాళ్లు దాదాపు లేరు.

చేతికి వేసే టీకా మొదటిరోజు, తర్వాత మూడు, ఏడు, ఇరవై ఎనిమిదో రోజుల్లో. మనవాళ్లు తప్పిపోయేది ఆ చివరిదానికే. అప్పటికి ఇటుకబట్టీకో, మామిడి తోటకో పోయుంటారు. ఆ చీటీ వెంట తీసుకుపోండి, ఎక్కడుంటే అక్కడి సర్కారు ఆసుపత్రిలో చూపించండి.