వెతికితే ఎవరు కనబడతారు?

(మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల శ్రమ లెక్కలోకి రాదని మనం చాలా ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాం. జనాభా లెక్కల వాళ్ళు గుమ్మంలో నిలబడి "ఆమె ఏం పని చేస్తుంది?" అని అడిగితే, "ఏం లేదు, ఇంట్లోనే ఉంటుంది" అని భర్త చెప్పడం, వాళ్ళు అదే రాసుకుపోవడం మనకు తెలిసిన సంగతే. ఇవాళ నేను మాట్లాడబోయేది అటువంటి మరో లెక్క గురించి. ఇంటర్నెట్‌లో ఒక మాట టైపు చేసి వెతికితే ఎవరి పేరు ముందు వస్తుంది, ఎవరిది ఎవరూ తెరవని పదో పేజీలో పడుతుంది అన్న లెక్క. ముందు వరుసలోకి వచ్చేలా వెబ్‌సైట్‌ను సరిదిద్దుకోవడాన్ని సెర్చ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్ అంటున్నారు. పేరు విని బెదిరిపోనక్కర్లేదు.

ఒక పచ్చళ్ళ సంఘం అనుభవం చెబుతాను. గోదావరి ప్రాంతంలో పదకొండు మంది స్త్రీలు ఆవకాయ, మాగాయ, గోంగూర పచ్చడి పెట్టి అమ్ముతారు. ఒక ఏజెంటు వచ్చి, ఇరవై వేలిస్తే వెబ్‌సైట్ తయారుచేసి నెలలో గూగుల్‌లో మొదటి స్థానం ఇప్పిస్తానన్నాడు. పొదుపు డబ్బులోంచి ఇచ్చారు. ఏడాదైనా ఒక్క ఆర్డరు రాలేదు. నన్ను చూడమన్నారు. పేజీ శీర్షికగా 'హోమ్' అని ఉంది. పచ్చళ్ళ పేర్లూ ధరలూ అన్నీ ఒక రంగుల బొమ్మలో ఇరికించాడు. మిగిలినవి నాణ్యత, నమ్మకం, సేవ అంటూ నాలుగు ఇంగ్లీషు వాక్యాలు. ఆవకాయ అన్న మాట అక్షరాల్లో ఎక్కడా లేదు! పైగా వెబ్‌సైట్ పేరు ఏజెంటు తన పేరునే రిజిస్టరు చేసుకున్నాడు. ఇంటి పట్టా ఎవరి పేరున ఉందని ప్రతి ఊళ్ళోనూ అడిగే మనం ఇది అడగడం మరిచిపోయాం. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ సంస్థే రాతపూర్వకంగా చెబుతోంది. ఆ సంగతి ఆ స్త్రీలకు ఎవరు చెప్పాలి?

ఈ వరుస ఎలా తయారవుతుందో కాస్త చూద్దాం. యంత్రం లింకులు పట్టుకుని ఒక పేజీ నుంచి మరో పేజీకి పోతూ చదువుతుంది. పుస్తకం చివర ఉండే పదసూచిక లాంటిది తయారు చేసుకుంటుంది. మనం అడిగినప్పుడు దాన్లోంచి తీసి వరుస పెడుతుంది. 1998లో సెర్గీ బ్రిన్, లారీ పేజ్ రూపొందించిన పద్ధతిలో, ఒక పేజీకి ఇతరులు ఇచ్చిన లింకులే దాని విలువ. ఆ ఇచ్చినవారు ఎంత పెద్దవారైతే విలువ అంత ఎక్కువ. ఇప్పుడు ఇంకా ఎన్నో అంశాలు చేరాయి కానీ ఈ పునాది పోలేదు. ఈ ఆలోచన వచ్చింది విద్యారంగంలోని ఉల్లేఖనాల నుంచి. అందుకే నాకు ఇది కొత్తగా అనిపించలేదు. పేరున్నవాళ్ళనే అందరూ ఉల్లేఖిస్తారు, ఉల్లేఖించడం వల్ల వాళ్ళకు మరింత పేరు వస్తుంది. శాస్త్రరంగంలో స్త్రీల కృషి ఈ క్రమంలో ఎలా మరుగున పడుతుందో చూపి, చరిత్రకారిణి మార్గరెట్ రోసిటర్ 1993లో దానికి 'మటిల్డా ప్రభావం' అని పేరు పెట్టింది. పెద్ద పత్రికలూ పెద్ద దుకాణాలూ ఒకరికొకరు లింకులిచ్చుకుంటే, పచ్చళ్ళ సంఘానికి ఇచ్చేదెవరు?

డబ్బు సంగతి వేరే ఉంది. ప్రకటనల ఆదాయం మీద బతికే సెర్చ్ ఇంజిన్ ప్రకటనదారుల వైపే మొగ్గుతుందని 1998 నాటి తమ పత్రంలో ఆ ఇద్దరే రాశారు. 2000లో వాళ్ళ సంస్థే ప్రకటనలు అమ్మడం మొదలుపెట్టింది. వెతుకులాట ఫలితాల్లో పక్షపాతం చూపిందని 2018లో మన కాంపిటిషన్ కమిషన్ ఆ సంస్థకు సుమారు 136 కోట్ల రూపాయల జరిమానా విధించింది.

అయితే అంతా వాళ్ళ తప్పే అనడానికి నాకు మనసొప్పదు. మన సంఘాలు ఏళ్ళ తరబడి వేసిన కరపత్రాలు, గృహహింస చట్టం మీద ప్రశ్నలు-జవాబులు చాలావరకు అను ఫాంట్లలో కంపోజ్ చేసినవే. కంటికి అది తెలుగు. లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లీషు అక్షరాల స్థానాలు. యంత్రానికి అర్థం లేని గీతలు. స్కాను చేసి పెట్టినవి ఉత్త బొమ్మలు. అర్ధరాత్రి ఒక స్త్రీ 'భర్త కొడుతున్నాడు ఎక్కడ చెప్పాలి' అని తెలుగులో టైపు చేస్తే, జవాబు మన దగ్గర ఉండి కూడా మనం దొరకం. 1991 నుంచీ యూనికోడ్‌లో తెలుగుకు చోటుంది. పాత సంచికల్లో కనీసం చట్టం, సహాయం గురించిన వ్యాసాలైనా యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. శీర్షికలో '2005 చట్టం: ఒక పరిశీలన' అని కాకుండా, వెతికే మనిషి మాటే పెట్టాలి. 181 నంబరు బొమ్మలో కాదు, అక్షరాల్లో ఉండాలి.

పచ్చళ్ళ సంఘంతో రెండు రోజులు కూర్చున్నాం. ఏ కాయ, ఎన్నాళ్ళు ఊరాలి, నువ్వుల నూనె ఎంత, ఉప్పు తక్కువైతే ఏమవుతుంది, ఊరు దాటించాలంటే ఎలా కట్టాలి - వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాం. కొనేవాళ్ళు అడిగేవీ అవే ప్రశ్నలు. ఆవకాయను రోమన్ లిపిలో నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు కాబట్టి వాడుకలో ఉన్న రెండు మూడు రూపాలూ పేజీలో చేర్చాం. పాత వెబ్‌సైట్ పేరు ఏజెంటు ఇవ్వలేదు. కొత్తది సంఘం పేరున తీసుకున్నాం. పాతదానికి వచ్చిన కాస్తో కూస్తో గుర్తింపు అలా పోయింది.

చిక్కు వచ్చింది చిరునామా దగ్గర. మ్యాప్‌లో దుకాణం కనబడాలంటే వివరాలివ్వాలి. సభ్యుల్లో ఇద్దరు భర్తల దెబ్బలు భరించలేక బయటికి వచ్చినవాళ్ళు. కనబడడం హక్కు అని నేను ఉపన్యాసం మొదలుపెట్టబోతుంటే వాళ్ళలో ఒకామె, "ఫోటోలో మా చేతులు పెట్టండి మేడమ్, మొహాలొద్దు" అంది. నేను నోరు మూసుకున్నాను. వెతుకుతూ వెళ్ళామే గానీ, వెతికి పట్టుకునేవాళ్ళ గురించి నేను ఆలోచించనే లేదు. చిరునామా దాచి, సరుకు పంపే ప్రాంతం మాత్రమే చూపించే వీలు గూగుల్‌లో ఉంది. అదే చేశాం. సొంత నంబర్లు తీసేసి సంఘం పేరున ఒక సిమ్ కొన్నారు. ఆ ఫోను వారానికొకరి దగ్గర ఉంటోంది.