రేకుపెట్టె తెరవండి, పంచాయతీ పుస్తకం తెరిపించండి

(మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లోని వాడ సమావేశాల్లో మేము మాట్లాడిన మాటల పాఠం)



డిసెంబరు నెలలో మూడు దినాలు వరసగా వస్తాయి. 6వ తేదీ బాబాసాహెబ్ వర్ధంతి. 7వ తేదీ సాయుధ దళాల జెండా దినం. 1949 నుంచి ఆ దినం సైనిక కుటుంబాల కోసమని చందాలు వసూలు చేస్తాండారు. 8వ తేదీ మన పక్కూరి బిడ్డ లాన్స్ నాయక్ సాయితేజ చనిపోయిన దినం. కురబలకోట మండలం ఎగువరేగడ ఆ బిడ్డది. 2021లో కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్ ఎక్కిన హెలికాప్టరు కూలినప్పుడు ఆయన రక్షణ సిబ్బందిలో ఉన్నాడు. శవపేటిక వచ్చిన దినం దారి పొడుగునా జనం నిలబడినారు. సర్కారు 50 లక్షలు ప్రకటించింది. ఇవ్వాల్సిందే. దాన్ని ఎవరూ కాదనరు.

మేము అడిగేది ఇంకొకటి. పేటికలో కాకుండా కాళ్లమీద నడిచి ఇంటికొచ్చినోని సంగతేంది? వాడు వాడకు తిరిగొచ్చినాక పంచాయతీ వానికి ఏం చేస్తాంది? యుద్ధం ఢిల్లీ చూసుకుంటాది. కానీ ఇంటిపన్ను, కుళాయి, ఇంటిజాగా, శ్మశానం దారి, ఇవన్నీ ఊరిలోనే తేలాల. సైనికుడు తుపాకీ దించినాక ఆయప్పకు సర్కారు అంటే పంచాయతీ ఆఫీసే.

మనోళ్లకు సైన్యం కొత్త కాదు. మద్రాసు సాపర్లలో పరయ కులస్థులు తరాల తరబడి పనిచేసినారు. బాబాసాహెబ్ నాయన రాంజీ సక్పాల్ సుబేదారు. బాబాసాహెబ్ పుట్టిందే మౌ కంటోన్మెంటులో. సైన్యం బడి ఉన్నందుకే ఆ ఇంట్లోకి అక్షరం వచ్చింది. తర్వాత తెల్లోడు యుద్ధజాతులు అని ఒక సిద్ధాంతం తెచ్చి, మహర్లకు సైన్యం తలుపు మూసేసినాడు. అప్పుడు అర్జీ పట్టుకుని లేచినోడు ఎవరు? రిటైరైన హవల్దారు గోపాల్ బాబా వలంగ్‌కర్. 1894లో అర్జీ రాసినాడు. 1895లో ఆయన్ను మహద్ తాలూకా బోర్డులో సభ్యుణ్ని చేసినారు. మాజీ సైనికుడే అయినా, అంటరానోడు బోర్డులో కూర్చుంటే పై కులాలోళ్లకు మింగుడుపడలేదు.

అదే మహద్‌లో 1924లో మునిసిపాలిటీ తీర్మానం చేసింది, చవదార్ చెరువు అందరిదీ అని. మరి నీళ్లు అందినాయా? అందలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచిపోయి చెయ్యి ముంచితేగానీ ఆ కాగితానికి తడి తగల్లేదు. మనకు అదే పాఠం. తీర్మానం వేరు, నీళ్లు వేరు.

ఇప్పుడు మన తీర్మానాలు చూద్దాం. 2025 మేలో గోరంట్ల మండలం కల్లితండా లంబాడీ బిడ్డ, అగ్నివీరుడు మురళీ నాయక్ జమ్మూ కాశ్మీరు సరిహద్దులో చనిపోయినాడు. ఆ నెలలోనే రాష్ట్ర సర్కారు ఒక ప్రకటన చేసింది. అంతకుముందు రిటైరైనోళ్లకు, సరిహద్దులో ఉండేటోళ్లకే ఉన్న ఇంటిపన్ను మాఫీ ఇకమీద దేశంలో యాడ డ్యూటీ చేస్తున్న సైనికునికైనా వర్తిస్తాదని చెప్పింది. గ్రామ పంచాయతీ హద్దుల్లో, తనదో భార్యదో అయిన ఒక్క ఇంటికి. జిల్లా సైనిక సంక్షేమాధికారి ధ్రువీకరణ ఉండాల.

మంచిదే. కానీ పన్ను మాఫీ కావాలంటే ముందు ఇల్లు పుస్తకంలో ఉండాల గదా? మన వాడల్లో ఎన్ని ఇండ్లకు పట్టా ఉండాది? తాత పేరు మీద ఉండే ఇంట్లో ముగ్గురన్నదమ్ములు కాపురముంటారు. మాఫీ ఎవరికి రాస్తారు? పట్టాల్లేని వాడకు ఆ మాఫీ చవదార్ చెరువు తీర్మానం మాదిరే.

ఇంక భూమి. ఇంటికొచ్చిన సైనికునికి డీకేటీ పట్టా అడిగే హక్కు ఉండాది. 1993 నవంబరు 11న వచ్చిన జీవో 1117 ప్రకారం మాజీ సైనికుడు ఆ భూమిని పదేండ్ల తర్వాత అమ్ముకోవచ్చు. అదే మన కూలోనికి ఇచ్చిన అసైన్డు భూమి 1977 చట్టం కింద అమ్మేదానికి లేదు. 2023లో చట్టం మార్చి, ఇరవై ఏండ్లు నిండితే హక్కు అన్నారు. 2024లో ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపినారు. అదే ఏడు జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు ఆఫీసులో మంటలు లేచి భూమి ఫైళ్లు కాలిపోయినాయి. ఎవరు కాల్చినారనేది కేసు తేల్చాల. మేము చెప్పేది ఒకటే. మీ పట్టా నకలు ఆఫీసులో ఉందిలే అని ధీమాగా ఉండొద్దు. ఇంట్లో ఒకటి పెట్టుకోండి, కొడుకు దగ్గర ఒకటి, సంఘం దగ్గర ఒకటి.

కుప్పం పక్క ఒక వాడలో ఒక అవ్వ మా ముందర రేకుపెట్టె తెరిచింది. లోపల డిశ్చార్జి పుస్తకం, రెండు పతకాలు, తుప్పు పట్టిన బెల్టు బిళ్ల. ఆయన పెన్షనుకు కావాల్సిన పదైదేండ్లు నిండకముందే ఇంటికొచ్చినాడు. డిశ్చార్జి పుస్తకంలో పేరొకటి, రేషన్ కార్డులో పేరొకటి. ఆ తేడాకే ఆయమ్మను తిప్పినారు. ఎన్ని దినాలు తిరిగినావవ్వా అంటే, "మిలిట్రీలో ఆయన నడిచిందానికంటే నేనే ఎక్కువ నడిచినా నాయనా" అనింది.

ఆ అవ్వకు ఎవరూ చెప్పని మాట ఇది. పెన్షను లేని, 65 ఏండ్లు దాటిన, హవల్దారు ర్యాంకు దాకా చేసిన మాజీ సైనికులకు, వాళ్ల వితంతువులకు కేంద్రీయ సైనిక్ బోర్డు నెలనెలా సాయం ఇస్తాది. 4,000 ఉండింది, 2025 నవంబరు 1 నుంచి పెట్టుకునే అర్జీలకు 8,000 చేసినారు. ఇద్దరు పిల్లల దాకా చదువుకు నెలకు వెయ్యి ఉండింది, రెండువేలు చేసినారు. కూతురి పెండ్లికి యాభైవేలు ఉండింది, లక్ష చేసినారు. ఇవన్నీ జిల్లా సైనిక సంక్షేమ ఆఫీసు ద్వారా పోవాల. కుప్పమోళ్లకు ఆ ఆఫీసు చిత్తూర్లో, దాదాపు నూరు కిలోమీటర్ల దూరంలో. ఆ దూరాన్ని తగ్గించే పని పంచాయతీది కాదా?

ఇంగ్లండులో చట్టమే చేసినారు. 2022 నవంబరు నుంచి ఇండ్లు, చదువు, వైద్యం విషయాల్లో సైనిక కుటుంబాల అవసరాలను లెక్కలోకి తీసుకోవడం అక్కడి స్థానిక కౌన్సిళ్లకు చట్టబద్ధమైన బాధ్యత. మనకాడ అట్లాంటి బాధ్యత పంచాయతీ మీద ఎందుకు పెట్టరాదు?

ఇంకో మాట. 2016 జూన్‌లో పాంపోర్‌లో చనిపోయిన సీఆర్పీఎఫ్ జవాను వీర్ సింగ్ శవం ఉత్తరప్రదేశ్‌లోని సొంతూరికి వచ్చింది. ఆయన నట్ కులస్థుడు. దహనానికి ఊరి ఉమ్మడి జాగా ఇయ్యమని పై కులాలోళ్లు అడ్డుపడినారు. అధికారులు వచ్చి బతిమాలితేగానీ దారి ఇయ్యలేదు. రవీంద్రుడు 1919లో జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది మన మదనపల్లెలోనే. ఆ పాట పాడేటప్పుడు అందరం లేచి నిలబడతాం. పాట అయిపోయినాక మన వాడ శ్మశానానికి దారి ఉందా అని కూడా అడగాల.

2022లో అగ్నిపథ్ వచ్చింది. నాలుగేండ్లు చేసి ఇంటికొచ్చే పిల్లోనికి పెన్షను లేదు, మాజీ సైనికుని హోదా కూడా లేదు. అట్లయితే ఇంటిపన్ను మాఫీ వానికి ఉంటాదా? డీకేటీ భూమి అడగొచ్చా? పిల్లోళ్లు ఇంటికి రాకముందే గ్రామసభలో ఈ ప్రశ్న వెయ్యాల.

కాబట్టి ప్రతి వాడలో ఈ పనులు చేద్దాం.

ఒకటి: రేకుపెట్టెలు తెరిచి డిశ్చార్జి పుస్తకం, పెన్షను కాగితం, ఆధార్ పక్కపక్కన పెట్టి పేర్లు చూద్దాం. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయిద్దాం.

రెండు: వాడలో సైన్యానికి పోయినోళ్ల జాబితా రాసి, గ్రామసభలో చదివి, పుస్తకంలో ఎక్కించమందాం. రసీదు లేకుండా ఏ అర్జీ ఇవ్వొద్దు.

మూడు: 2023 ఆగస్టులో పంచాయతీల్లో వీరుల పేర్లతో శిలాఫలకాలు పెట్టినారు. పోయి చదవండి. మన వాడ పేరు తప్పిపోయి ఉంటే చెక్కించమని అడగండి.

నాలుగు: మునిసిపాలిటీ హద్దుల్లో ఉండేటోళ్లు మాఫీ సంగతి మునిసిపల్ ఆఫీసులో రాతపూర్వకంగా తేల్చుకోండి. 2025 ప్రకటన గ్రామ పంచాయతీలకే చేసినారు.

ఇది భిక్ష కాదు. వలంగ్‌కర్ హవల్దారు తుపాకీ దించి కలం పట్టినాడు. మనమూ పట్టుదాం. వచ్చే గ్రామసభకు ఆ అవ్వ రేకుపెట్టెతో సహా వస్తానని మాటిచ్చింది. ఆయమ్మ పక్కన కూర్చునేదానికి మీరూ రండి.

జై భీం!