ఆస్ట్రేలియాలో నేను చూచిన తంతి కచ్చేరి

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన కార్యదర్శిగారు వారము దినముల క్రిందట నన్ను వరండాలో పట్టుకొని, "ఆస్ట్రేలియా వెళ్లివచ్చారు కదండీ, అక్కడి విశేషాలు నాలుగు చెప్పండి. అరగంట దాటితే మాత్రం గారెలు చల్లారిపోతాయి" అని హెచ్చరించిరి. ఆ హెచ్చరికను శిరసావహించి చెప్పుచున్నాను.

పరిపాలనకు సంబంధించిన మూడు వారముల శిక్షణకై మా శాఖ నన్ను ఆ దేశమునకు పంపెను. నా శ్రీమతి మా సొంత ఖర్చుపై వెంట వచ్చెను. సిడ్నీ విమానాశ్రయమున మాకెదురైన మొదటి పరీక్ష ఆవకాయ. పరదేశపు విత్తనములు, తెగుళ్లు తమ నేలకు రాకుండ ఆ దేశమువారు మిక్కిలి జాగరూకులై యుందురు. వెంట తెచ్చిన తినుబండారములను ముందుగా పత్రములో వ్రాసి చూపవలెను. దాచినచో జరిమానా తప్పదు. నా శ్రీమతి హరిశ్చంద్రుని ఆడపడుచువలె సమస్తమును వ్రాసెను. అధికారి సీసాను త్రిప్పి త్రిప్పి చూచి, తన నియమావళిని సంప్రదించి, ఆవకాయను విడిచి, పచ్చి కరివేపాకును మాత్రము తీసికొనెను. ఏల తీసికొనెనో ఓపికతో వివరించెను. నియమమును అమలు జరుపుటలోగూడ ఇంతటి సౌజన్యమునకు చోటున్నదా యని ముచ్చటపడితిని. ఈ సంగతిని మీరు గుర్తుంచుకొనవలెను. దీనితో నాకు చివర పనియున్నది.

నగరములను గూర్చి క్లుప్తముగ చెప్పెదను. 1901లో ఆరు వలస రాజ్యములు ఒక్కటైనప్పుడు రాజధాని సిడ్నీయా, మెల్‌బోర్నా యను వివాదము పుట్టెను. రెంటికిని గాక నడుమ ఒక క్రొత్త నగరము వెలసెను. అదియే కాన్‌బెర్రా. వాల్టర్ బర్లీ గ్రిఫిన్ అను అమెరికా వాస్తుశిల్పి ప్రణాళిక 1912లో ఎంపికయ్యెను. 1913లో శంకుస్థాపన జరిగెను. మన న్యూఢిల్లీయు ఆ కాలపు బిడ్డయే గదా! అందుచేత ఆ విశాల వీథులలో, ఆ కార్యాలయ సౌధముల నడుమ నడచునప్పుడు నాకు పరాయితనము తోచలేదు. సిడ్నీలో 1932 నాటి మహాసేతువును, 1973లో ప్రారంభమైన ఆపెరా హౌసును చూచితిమి. మెల్‌బోర్నులో ఒక ఆదివారము తెలుగువారి యింట పప్పుచారుతో భోజనము చేసితిమి. ఆ దేశమున ఇంట తెలుగు మాటలాడువారు 2021 జనాభా లెక్కలలో సుమారు 59,000 మంది. ఆ యింటి పిల్లలు తల్లి తెలుగున అడిగిన ప్రశ్నకు ఇంగ్లీషున బదులు చెప్పుచుండిరి. ఢిల్లీలో మన యిండ్లలో హిందీ చేయుచున్న పనిని అచ్చట ఇంగ్లీషు చేయుచున్నదని సరిపెట్టుకొంటిని.

ఇంతటితో తిరిగివచ్చినచో మీకు చూపుటకు కొన్ని ఛాయాచిత్రములు మాత్రమే నావద్ద నుండెడివి. కాని శిక్షణ ముగిసిన పిమ్మట నాలుగు దినములు సెలవు పెట్టి ఆ ఖండపు నడిబొడ్డుననున్న ఆలిస్ స్ప్రింగ్సు పట్టణమునకు పోతిమి.

ఆస్ట్రేలియా మన దేశమునకు రెండు రెట్లకు మించిన వైశాల్యము గలది. జనులో, మూడు కోట్లకు లోపు. వారిలో అత్యధికులు సముద్రతీర నగరములయందే యుందురు. లోపలి భాగమును ఔట్‌బ్యాక్ అందురు. విమానమునుండి చూడ గంటల తరబడి ఎఱ్ఱని నేలయే. ఊరి నడుమ టాడ్ అను నది కలదు గాని, మేము చూచినప్పుడు అందు నీటిచుక్క లేదు; తెల్లని మానులు, ఇసుక మాత్రమే. అది అరెర్న్‌ట అను ఆదివాసుల తరతరాల నేల. ఆ ఊరిని వారు ఎంబార్న్‌ట్వ అందురు.

ఆ పట్టణమునకు కొంత దూరమున పాత తంతి కచ్చేరి యున్నది. మా యింట పూర్వము తంతి వచ్చినదనగా ముందు ఏడ్చి, పిమ్మట చదివెడివారు. అట్టి జ్ఞాపకముతో దానిని చూడబోతిని. 1872లో దక్షిణ తీరమునుండి ఉత్తరమున డార్విను వరకు సుమారు 3,200 కిలోమీటర్ల పొడవున, 36,000 స్తంభములపై తంతి తీగను సాగదీసిరి. చార్లెస్ టాడ్ అను అధికారి ఆ పనిని నడపెను. నదికి అతని పేరు, ఊరికి అతని భార్య ఆలిస్ పేరు నిలిచినవి. డార్విను నుండి సముద్రగర్భపు తీగ జావాకు, అచ్చటినుండి సింగపూరు, పినాంగుల మీదుగా మన మదరాసునకు, ఆపై లండనునకు వార్తను చేర్చెడిది. నెలలు పట్టు కబురు గంటలలో అందసాగెను. దూరము పోయినకొలది విద్యుత్తు బలహీనమగును గనుక దారిలో అక్కడక్కడ ఇట్టి కచ్చేరులను కట్టిరి. గుమాస్తా ఒక చెవితో చుక్కలు, గీతలు విని, అదే వార్తను తన చేతితో మరల ముందునకు కొట్టవలెను. వార్త మంచిదా, చెడ్డదా యని అడుగుట అతని పని గాదు.

నేను ఆ యంత్రమును ముచ్చటగా చూచుచుండగా, మాకు ఆ స్థలమును చూపుచున్న ఒక ఆదివాసి వృద్ధురాలు, "అందరూ దాన్నే చూస్తారు. ఇటు రండి నాయనా" అన్నట్లు చేయి చూపి ప్రక్క భవనమునకు తీసికొనిపోయెను. 1932లో తంతి పని ఊరిలోనికి మారెను. ఖాళీయైన ఈ రాతి గదులలో 1942 వరకు 'బంగళా' అను పేర ఒక పిల్లల నివాసము నడచెను. ఆదివాసి తల్లులకు, తెల్ల తండ్రులకు పుట్టిన బిడ్డలను తల్లులనుండి వేరుచేసి ఇచ్చట నుంచిరి. 1918 నాటి శాసనము ప్రకారము, తల్లి బ్రతికియుండినను, ఆ బిడ్డలకు చట్టరీత్యా సంరక్షకుడు ప్రధాన సంరక్షకాధికారి యను ఉద్యోగియే.

"మా అమ్మ ఇక్కడే పెరిగింది" అని ఆమె చెప్పెను. "ఐదేళ్లప్పుడు లారీలో తెచ్చారు. తెచ్చినవాడు చెడ్డవాడు కాడనే అమ్మ చెప్పేది. దారి పొడుగునా బిస్కెట్లు పెట్టాడట. అతనికి కాగితం వచ్చింది, అతను తెచ్చాడు, అంతే."

సోదరులారా, ఈ మాట వినగానే నాకు కాళ్లలో సత్తువ పోయెను. ఆ మనిషి రాక్షసుడై యుండినచో నాకు హాయిగా నుండెడిది. అతడు నావంటి ఉద్యోగి. పైనుండి వచ్చిన దానిని క్రిందికి కొట్టినవాడు. ఆ తంతి గుమాస్తావలెనే.

ఆ దేశమువారు ఈ చరిత్రను దాచలేదనుట న్యాయము. 1997లో దీనిపై విచారణ నివేదిక వెలువడెను. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పిరి. ఆ బంగళాలోనే 1936లో జన్మించిన చార్లెస్ పెర్కిన్స్ 1966లో సిడ్నీ విశ్వవిద్యాలయ పట్టభద్రుడై, 1984లో ఆదివాసి వ్యవహారముల శాఖకే కార్యదర్శి యయ్యెను. ఫైలులో ఒక పేరుగా నుండవలసినవాడు ఆ ఫైలుపై సంతకము చేయువాడైనాడు!

పరుల తప్పు లెక్కించుట సులభము. 1871లో మన దేశమున నేరస్థ జాతుల చట్టము పుట్టెను. పుట్టుకనే నేరముగా నెంచిన చట్టమది. 1911లో మదరాసు రాజధానికిని వర్తించెను. బిడ్డలను తల్లిదండ్రులనుండి వేరుచేయు అధికారమును అందులో నుండెను. బాపట్ల సమీపమున స్టూవర్టుపురము ఎరుకలవారికై ఏర్పడిన సెటిల్‌మెంటు. దానికి నిలిచిన పేరు మదరాసు ప్రభుత్వపు ఒక ఉన్నతాధికారిది. 1952లో ఆ చట్టము దేశమంతట రద్దయ్యెను. మా తాతగారు రెవిన్యూ గుమాస్తా. అట్టి సెటిల్‌మెంటులో హాజరు పట్టీలను తాము ముత్యములవంటి అక్షరములతో ఎత్తి వ్రాసెడివారమని చెప్పగా, బాల్యమున నేను ఆ అక్షరములను తలచి గర్వించితిని. ఆ పట్టీలోని మనుష్యులను గూర్చి అడుగవలెనని నాకును తోచలేదు.

తిరిగివచ్చిన సోమవారమున నేను చేసిన మొదటి పని చెప్పి ముగించెదను. కుటుంబ పింఛను కోరిన ఒక వితంతువు అర్జీపై, భర్త పేరులోని అక్షరము కుదరలేదని, "నియమముల ప్రకారము వీలుపడదు" అని నేను వ్రాసియుంటిని. ఆ ఫైలును మరల తెప్పించి ఈసారి కడవరకు చదివితిని. నా అభ్యంతరమునకు సమాధానమైన ధ్రువపత్రము చిట్టచివరి పుటలో మొదటినుండియు కుట్టియే యున్నది. నేనే అంతదూరము పోలేదు. పదునొకండు నెలల జాప్యము. అందులో ఒక్క దినమైనను నియమము వలన కలిగినది కాదు. అంతయు నావలన కలిగినదే. ఆమెకు పింఛను మంజూరైనది. ఆమెకు పంపిన ఉత్తరమున జాప్యమునకు చింతించుచున్నామని వ్రాసి, దానిపై నేనే సంతకము చేసితిని.

మనలో పలువురము ఏదో యొక బల్లవద్ద కూర్చుండి పైనుండి వచ్చినదానిని క్రిందికి పంపువారమే. నియమమును మీరుమని నేను చెప్పుట లేదు. ఆ విమానాశ్రయపు అధికారి నియమమును మీరలేదు. కాని అతడు సీసాను చూచెను, మనిషి ముఖమును చూచెను, కారణము చెప్పెను. మన బల్లపైకి వచ్చు ప్రతి కాగితము వెనుక ఎవరో యొకరు నిలిచియున్నారని తలచి చివరి పుట వరకు చదివినచో చాలును. ఔట్‌బ్యాక్ నుండి నేను తెచ్చినది ఇంతే.

గారెలు చల్లారకమునుపే ముగించితిననుకొందును.