చదివి సంతకం పెట్టండి



ఈ రోజు నోరు తెరిచి చెప్పుకోవడానికి కష్టమైన సంగతి మాట్లాడుకుందాం. పిల్లల మీద జరిగే లైంగిక అత్యాచారాల సంగతి. మనకెందుకులే అనుకోకండి. మిరప కోతలప్పుడు, పత్తి తీతలప్పుడు తెల్లారకముందే ముఠాతో చేలోకి పోతాం. పొద్దుగూకాక ఇంటికి వస్తాం. పిల్లలు ఇంటి దగ్గరో, కల్లం దగ్గరో ఉంటారు. పిల్లల జోలికి వచ్చేవాడు చాలాసార్లు కొత్తవాడు కాదు. పొరుగువాడో, చుట్టమో, మనం నమ్మినవాడో అయివుంటాడు.

బిడ్డ వచ్చి చెప్పిందనుకోండి. ముందు బిడ్డ మాట నమ్మండి. "నువ్వెందుకు పోయావే?" అని కొట్టకండి. "తప్పు నీది కాదమ్మా, నేనున్నాను" అని దగ్గరికి తీసుకోండి. మగపిల్లవాడైనా అంతే.

తర్వాత ఊళ్లో ఏం జరుగుతుంది? పెద్దమనుషులు వస్తారు. "పరువు పోతుంది. రేపు పిల్లకు పెళ్లి కాదు. ఎంతో కొంత ఇప్పిస్తాం, సర్దుకోండి" అంటారు. కాగితం రాసి సంతకం పెట్టమంటారు. పెట్టకండి! 18 ఏళ్లలోపు పిల్లల కోసం 2012లో పోక్సో చట్టం వచ్చింది. ఈ నేరాల్లో రచ్చబండ రాజీ చెల్లదు. తెలిసి కూడా పోలీసులకు చెప్పకపోతే అదీ నేరమే.

మన గుంటూరులో ఏం జరిగిందో చూడండి. 13 ఏళ్ల బాలికను కొందరు వ్యభిచారంలోకి దించారు. 2021లో తండ్రి పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు. పోలీసులు కూపీ లాగారు. 2022 ఏప్రిల్ నాటికి నిందితులు దాదాపు 80 మంది అని తేలింది. ఆ తండ్రి పరువుకు జంకి ఊరుకుంటే ఏమయ్యేది? ఆలోచించండి.

ఫిర్యాదు ఎలా ఇవ్వాలి? 112కు గాని, పిల్లల కోసం ఉన్న 1098కి గాని ఫోను చేయవచ్చు. డబ్బు ఖర్చు కాదు. పోలీసు స్టేషనుకు నేరుగా పోవచ్చు. "ఇది మా హద్దు కాదు" అని పంపించకూడదు. ఏ స్టేషనులోనైనా రాసుకోవాలి. 2024 జూలై 1 నుంచి అమలవుతున్న కొత్త చట్టంలో ఇది ఉంది. కర్నూలు వైపు నుంచి కోతలకు వచ్చిన తల్లికి కూడా ఈ హక్కు ఉంది.

మీరు చెప్పింది పోలీసులు రాసి చదివి వినిపించాలి. మీరు కూడా కూడబలుక్కుని చదవండి. తేదీ, వాడి పేరు, జరిగిన పని సరిగ్గా ఉన్నాయా చూడండి. తప్పుంటే దిద్దమనండి. అప్పుడే సంతకం పెట్టండి. దాన్ని ఎఫ్.ఐ.ఆర్. అంటారు. దాని నకలు ఉచితంగా ఇవ్వాలి. అడిగి తీసుకోండి. రాసుకోమంటే జిల్లా ఎస్.పి.కి పోస్టులో ఫిర్యాదు పంపండి. రసీదు దాచుకోండి.

బిడ్డ వాంగ్మూలం ఇంటి దగ్గరే తీసుకోవచ్చు. వీలైనంతవరకు ఆడ ఎస్.ఐ. రావాలి. యూనిఫారం వేసుకోకూడదు. మీరు పక్కన ఉండవచ్చు. రాత్రిపూట బిడ్డను స్టేషనులో ఉంచకూడదు.

ఆసుపత్రికి త్వరగా తీసుకుపోండి. వీలైతే స్నానం చేయించకుండా పోండి. ఆ బట్టలు ఉతక్కుండా కాగితంలో చుట్టి ఇవ్వండి. స్నానం చేయించి ఉంటే భయపడకండి, అయినా పోండి. ఆడపిల్లను ఆడ డాక్టరే చూడాలి. మీరు దగ్గరుండవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రి అయినా, ప్రైవేటు ఆసుపత్రి అయినా మొదటి వైద్యం ఉచితంగా చేయాలి. "ముందు పోలీసు కాగితం తెండి" అనకూడదు.

ఇక కోర్టు. పోక్సో కేసులకు ప్రత్యేక కోర్టు ఉంటుంది. తలుపులు మూసి విచారణ చేస్తారు. ఊరి జనం ఉండరు. బిడ్డ కంటికి వాడు కనపడకుండా చూడాలి. బిడ్డను గద్దించి అడగకూడదు. మాటిమాటికీ పిలిపించకూడదు. బిడ్డ పేరు, ఫోటో పత్రికల్లో వేయకూడదు. మనం కూడా నలుగురిలో చెప్పకూడదు.

వకీలుకు డబ్బెక్కడిది అంటారా? మన తరఫున ప్రభుత్వ వకీలు వాదిస్తాడు. ఇంకా సలహా కావాలంటే గుంటూరు, ఒంగోలు కోర్టుల్లో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకు, పిల్లలకు ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోను నంబరు 15100. బాలల సంక్షేమ సమితిని అడిగితే, కేసు అయ్యేదాకా తోడుండే మనిషిని ఇస్తారు. తీర్పు రాకముందే కొంత నష్టపరిహారం ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. అడగాలి.

కేసు ఎన్నాళ్లు పడుతుంది? ఏడాదిలో ముగించాలని చట్టం చెబుతోంది. 2019 జూన్‌లో హన్మకొండలో తొమ్మిది నెలల పసిపాపను ఒకడు చెరిచి చంపాడు. ఆగస్టులోనే కోర్టు ఉరిశిక్ష వేసింది. నవంబరులో హైకోర్టు దాన్ని చచ్చేదాకా జైలుశిక్షగా మార్చింది. అన్ని కేసులూ అంత త్వరగా తేలవు. వాయిదాలు పడతాయి. కూలి పోతుంది. వాడు బెయిలు మీద బయటికి రావచ్చు. బెయిలు వచ్చిందంటే కేసు కొట్టేసినట్టు కాదు. బెదిరిస్తే వెంటనే పోలీసులకు రాసివ్వండి. డబ్బుకో, భయానికో సాక్ష్యం మార్చితే వాడు బయటపడతాడు. మళ్లీ ఇంకో ఇంటి బిడ్డ మీద పడతాడు.

అందుకే ఆ ఇల్లాలిని ఒంటరిగా వదలకండి. వాయిదా రోజున సంఘం నుంచి ఒకరు తోడు పోండి. ఆ పూట ఆమె ఇంట్లో పిల్లలకు అన్నం పెట్టండి.

ఒక సంచి పెట్టుకోండి. అందులో ఎఫ్.ఐ.ఆర్. నకలు, ఆసుపత్రి చీటీలు, పోస్టు రసీదులు ఉంచండి. నోటుబుక్కులో వాయిదా తేదీలు, మాట్లాడిన అధికారి పేరు మీ చేత్తోనే రాసుకోండి. నిన్నటిదాకా ఎవరో చూపించిన చోట వేలిముద్ర వేశాం. ఇప్పుడు మనకు అక్షరాలు వచ్చాయి. ఎవరు తొందరపెట్టినా సరే, చదవండి. తెలియనిది అడగండి. ఆ తర్వాతే సంతకం పెట్టండి.