కలగలుపు మాటల నేల

హోసూరు, దెంకణికోట, తళి, కెలమంగలం, కృష్ణగిరి నుంచి బస్సులు మారి ఈ అడవి అంచుకు చేరుకున్న రచయితలకు, అంచెట్టి పెద్దలకు, బడిలో తమిళం చదువుతూ ఇంట్లో తెలుగు వదలని పిల్లలకు వందనాలు. నేను మాట్లాడదలచింది ఒక్క సంగతే. నానారకాలు కలిసినదాన్ని మనం ఏ పేరుతో పిలుస్తున్నాం? ఆ పేరులో ఉన్నది మెప్పా, చిన్నచూపా?

ఇంగ్లీషులో ఇలాంటి పేర్లు కొల్లలు. వాటి పుట్టుక వెతుక్కుంటూ పోతే చాలావరకు వంటింట్లోనే తేలతాం. హాచ్‌పాచ్ పాత ఫ్రెంచివాళ్ల కుండలో ఉడికిన కూర. సాల్మగండి మాంసం, చేప, గుడ్డు, ఉల్లి కలిపి వడ్డించిన పళ్లెం. పాట్‌పురీకి ఫ్రెంచిలో కుళ్లిన కుండ అని అర్థం. అది స్పెయిను దేశపు కూర పేరుకు అనువాదం. అదే పేరు ఇవాళ ఎండిన పూరేకుల సువాసనకు చెల్లుతోంది. సెటైర్ అనే సాహిత్య ప్రక్రియకు పేరు కూడా లాటినులో రకరకాల పండ్లతో నింపిన పళ్లేన్నుంచి వచ్చిందని పండితుల మాట.

నన్ను ఎక్కువగా పట్టి నిలిపింది మాత్రం ఫరాగో. 2017లో శశి థరూర్ ఆ మాట వాడినప్పుడు దేశమంతా నిఘంటువులు తిరగేసింది. అబద్ధాలూ వక్రీకరణలూ గుదిగుచ్చినదాన్ని ఇప్పుడు అలా అంటున్నారు. లాటినులో దాని అర్థం వేరు. రోము రైతులు ఫార్ అనే గోధుమజాతి గింజను తీగపప్పుల గింజలతో కలిపి పశువుల మేతకు చల్లేవారు. ఆ పైరు పేరే ఫరాగో. బుద్ధిగల సేద్యానికి పెట్టిన పేరు తిట్టుగా మారిపోయింది.

ఆ సేద్యం మనకు కొత్తది కాదు. ఈ సీమ రాగిచేలు చూడండి. రాగి నడుమ అనుములు, అలసందలు, ఆముదం సాళ్లు. వాన ముఖం చాటేసి రాగి ఎండినా అనపకాయ చేతికొస్తుంది. పప్పుజాతి వేళ్లు నేలకు సత్తువ ఇస్తాయి. చలికాలం వచ్చేసరికి ఆ అనపగింజలే పితికిపప్పు పులుసై సంగటి పక్కకు చేరతాయి. ఏ గింజ ఏ సాలులో పడాలో రైతుకు తెలుసు. కలుపు పీకేస్తాడు, కలగలుపును కాపాడుకుంటాడు.

మన మాట కూడా ఇలా పండిందే. 1792 శ్రీరంగపట్నం సంధితో మన బారామహల్ సీమ టిప్పు సుల్తాను చేతినుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది. 1799 తర్వాత హోసూరు సీమ కూడా వాళ్లదే అయింది. కంపెనీ అధికారులు అలెగ్జాండర్ రీడ్, థామస్ మన్రో ఇక్కడి భూములకు శిస్తు కట్టారు. సేలం జిల్లాలో ఉన్నాం, 1965లో ధర్మపురిలోకి వచ్చాం, 2004లో కృష్ణగిరి అయ్యాం. దొరతనాలు మారాయి, జిల్లాలు మారాయి. కావేరికి ఆవల కన్నడం, ఈవల తమిళం, సంతలో ఉర్దూ, ఇంట్లో తెలుగు మాత్రం అలాగే ఉన్నాయి. నాలుగు మాటల మధ్య బతికినవాడి నోట ఒక భాష కడిగిన ముత్యంలా రావాలని అడగడం న్యాయం కాదు.

అయినా అడుగుతున్నారు. మన కథలు పై ఊళ్లకు పంపితే, ఇది కలగాపులగం, కాస్త తెలుగు చేసి పంపండి అని తిప్పిపంపినవారు ఉన్నారు. ఆ మాటకు ఎంతో బాధపడ్డాను. పులగం బియ్యం, పెసరపప్పు కలిపి వండి దేవుడికి పెట్టే నైవేద్యం. అది ఎప్పటినుంచి తప్పుకు పేరైంది?

ఇంకొక సంగతి. మనం తమిళం నుంచి తెచ్చుకున్నామని ఆ తిప్పిపంపినవారు అనుకునే మాటల్లో చాలా మటుకు తెచ్చుకున్నవి కావు, పుట్టుకతో ఉన్నవి. ఊరు, ఇల్లు, కన్ను, నీరు ఎవరి దగ్గర అప్పు తెచ్చాం? తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుదురువని 1816లోనే ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో చూపించాడు. పోతిమి, చేస్తిమి అని మన అవ్వలు అంటే వినేవాళ్లు కొందరు నవ్వుతారు. కావ్యాల్లో పోయితిమి, చేసితిమి అని కనబడితే వాళ్లే తలలూపుతారు. పాల్కురికి సోమనాథుడు వృషాధిప శతకంలో తమిళం, కన్నడం, మరాఠీ మాటలతో పద్యాలు కట్టాడు. ఆయనను భాష చెడగొట్టాడని ఎవరూ అనలేదు.

బ్రౌను దొర చేసిన పని ఇక్కడ తలచుకోవాలి. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు ఇచ్చాడు. తెలుగులో కలిసిన పరాయి మాటలను, మిశ్రభాషను వేరు చేసి 1854లో ఇంకొక నిఘంటువు అచ్చు వేయించాడు. కచేరీల్లో, అర్జీల్లో రైతులు వాడే మాట అర్థం కాకపోతే న్యాయం జరగదని ఎరిగినవాడు ఆయన. ఆ మాటలను వేరే సంపుటంలో కూర్చోబెట్టడం నాకు నచ్చదు. కానీ వాటిని పారేయలేదు, కూర్చాడు. అది గొప్ప పని. జిల్లా, వకీలు, రైతు అనే మాటలు పరాయివని ఇవాళ ఏ తెలుగువాడికీ తోచదు.

కలగలుపుకు గౌరవం తగ్గని ఇంగ్లీషు పేరు ఒకటి మన కోర్టుల్లో ఇంకా బతికి ఉంది. భాగపరిష్కారం దావాల్లో వకీళ్లు హాచ్‌పాట్ అంటారు. ఒకరికి ముందే ముట్టిన ఆస్తిని కూడా తెచ్చి ఉమ్మడి కుప్పలో వేసి, ఆ తర్వాత అందరికీ సరిసమానంగా పంచడం. తెలుగు మాటల ఆస్తిని పంచుకునేటప్పుడు అంచెట్టి వాటాను ముందే తీసి పక్కన పెట్టకూడదని నా వాదన.

2006 నాటి తమిళనాడు చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. తమిళం మనకు పరాయిది కాదు, పిల్లలు బాగా నేర్చుకోవాలి. కానీ ఆ చట్టం వచ్చాక తెలుగు అక్షరం చాలా ఇళ్లలో దూరమైంది. రాత పోయినచోట మాట ముసలివాళ్ల నోట్లోనే మిగులుతుంది. వాళ్లు పోతే అదీ పోతుంది.

అందుకే ఈ సభను ఒకటే కోరుతున్నాను. సాళ్ల పేర్లు, ఆకుకూరల పేర్లు, అడవిలో దొరికే కాయల పేర్లు, జబ్బుల పేర్లు, తిట్లు, పొడుపుకథలు ఏవి వినబడితే అవి రాసుకోండి. ఏ ఊరివారు, ఏ సందర్భంలో అన్నారో పక్కన చేర్చండి. తెలుగా, కన్నడమా, తమిళమా అని అక్కడికక్కడే తీర్పు చెప్పకండి. దిద్దకండి. తెలుగు లిపి రానివారు తమిళ లిపిలోనే రాయండి, లిపి మార్చే పని మేము చూసుకుంటాం. వచ్చే సభకు కథలూ కవితలూ ఎన్ని తెచ్చినా సంతోషమే, ప్రతి ఊరినుంచి ఒక మాటల పుస్తకం మాత్రం తప్పక తీసుకురండి.