కుర్తుబా నుండి కొండవీటి వరకు: చూడవలసినవి, నిలుపుకోవలసినవి



మిర్చి కోతలు ముగిసి, కల్లాల్లో ఆరిన కాయ గుంటూరు యార్డుకు చేరిన తర్వాత, మన కుటుంబాలకు నాలుగు రోజుల తీరిక దొరుకుతుంది. ఆ తీరికలో బిడ్డలకు ఏమి చూపాలి, చూపినప్పుడు ఏమి చెప్పాలి అన్నదే నేటి మన విషయం. ఇది విహారయాత్రల ముచ్చట మాత్రమే కాదు. మనం చూడని దానిని గురించి మనం అడగము. అడగనిది మన చేతిలో నిలవదు.

ముందుగా దూరాన ఉన్న ఒక నగరాన్ని చూద్దాము. స్పెయిన్ దేశపు కార్డోబాను మన పెద్దలు కుర్తుబా అంటారు. డమాస్కస్ నుండి ప్రాణాలతో బయటపడిన ఉమయ్యద్ వంశీయుడు మొదటి అబ్దుర్రహ్మాన్ 756లో అక్కడ రాజ్యం స్థాపించాడు. 785 ప్రాంతంలో పెద్ద మసీదును మొదలుపెట్టాడు. రెండు శతాబ్దాలపాటు వారసులు దానిని పెంచుతూ వచ్చారు. ఎర్రని, తెల్లని పట్టెల జంట కమానులు, వాటిని మోసే 850కి పైగా స్తంభాలు నేటికీ నిలిచి ఉన్నవి. ఆ స్తంభాలలో అనేకం పాత రోమన్ కట్టడాల నుండి తెచ్చినవి. మసీదుకు ముందు అక్కడ క్రైస్తవుల ఆరాధనాస్థలం ఉండేదని సంప్రదాయ కథనం. చరిత్రను చెప్పేటప్పుడు మనకు ఇంపైన భాగమే చెప్పి ఊరుకోరాదు గనుక దీనినీ చెబుతున్నాము.

1236లో కాస్టిల్ రాజు మూడవ ఫెర్డినాండ్ నగరాన్ని గెలిచిన నాటి నుండి అది చర్చి అయింది. 1523లో మసీదు నడుమ భాగాన్ని తొలగించి కెథడ్రల్ కట్టబూనినప్పుడు వ్యతిరేకించినది ఎవరు? క్రైస్తవులతో కూడిన ఆ నగరపాలక మండలే. చక్రవర్తి అనుమతితో నిర్మాణం సాగింది గాని, ఆ ప్రతిఘటన చరిత్రలో నిలిచింది. పాత మినారును గంటల గోపురం లోపల పొదిగివేశారు. 1984లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. పక్కనే రోమన్ వంతెన, యూదుల వీధులు, 1315 నాటి యూదుల ప్రార్థనాలయం, ఊరి వెలుపల మదీనతుజ్జహ్రా రాజనగర శిథిలాలు ఉన్నవి. ఆ నగరంలోనే ఇబ్నె రుష్ద్ పుట్టాడు, యూదు తత్త్వవేత్త మైమొనిడీస్ పుట్టాడు. ఇద్దరి విగ్రహాలూ నేడు ఆ నగరంలో ఉన్నవి. అల్లామా ఇక్బాల్ 1933లో దర్శించి ప్రసిద్ధ కావ్యం వ్రాసినదీ ఈ మసీదు పైననే.

ఆ నగరానికీ మన నల్లరేగడి నేలకూ ఏమి సంబంధం అని అడుగవచ్చును. స్పానిష్ భాషలో పత్తిని ఆల్గొదోన్ అంటారు. అది అరబ్బీ ‘అల్ ఖుత్న్’ నుండి వచ్చిన మాట. పత్తి సాగును స్పెయిన్‌లో నాటినది అరబ్బులే. మసీదు ముంగిట ఉన్నది నారింజ చెట్ల ప్రాంగణం. స్పానిష్ ‘నరంహ’, మన ‘నారింజ’ ఒకే వేరు మాటలు. ఇక మన మిర్చి? కొలంబస్ తర్వాత అమెరికా నుండి స్పెయిన్, పోర్చుగల్ ఓడలలో బయలుదేరి, పోర్చుగీసువారి వెంట మన దేశానికి వచ్చినది. గుంటూరు పేరు మోసిన పంట ఈ నేలలో పుట్టినది కాదు. పరాయిది అన్న మాటను తేలికగా వాడేవారికి మిర్చి తోటే జవాబు.

ఇక మన గడప దగ్గరికి వద్దాము. కొండవీడు చూపండి. రెడ్డిరాజులు అద్దంకి నుండి రాజధానిని ఈ కొండకు మార్చారు. శ్రీనాథుడు ఇక్కడ విద్యాధికారిగా ఉన్నాడు. ఆయన హరవిలాసాన్ని అంకితం పొందిన అవచి తిప్పయసెట్టి హోర్ముజ్ గుర్రాలను, చీనా పట్టును తెప్పించిన వర్తకుడు. అంటే పారసీక రేవులతో ఈ కొండకు నాడే లావాదేవీలు ఉన్నవి. 1515లో కృష్ణదేవరాయలు కోటను గెలిచాడు. ఆ శతాబ్దం చివరలో గోల్కొండ కుతుబ్ షాహీల చేతికి వచ్చి ఈ సీమ ముర్తజానగర్ అయింది. 1788లో గుంటూరు సర్కారు ఇంగ్లీషువారి వశమైంది. కొండ దిగువన గోపీనాథ ఆలయం ఉన్నది, చుట్టుపట్ల ఊళ్ళలో మసీదులు, దర్గాలు ఉన్నవి. కొండవీటిని మీది, మాది అని కోసి పంచలేము.

మోటుపల్లి చూపండి. సముద్రపు వర్తకులకు అభయమిస్తూ కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో శాసనం వేయించిన రేవు అది. ఓడ పగిలినా సరుకు వర్తకునిదే అని రాజు మాట ఇచ్చాడు. కొత్తగా వచ్చినవారి ఆస్తికి రక్షణ ఇవ్వడం తెలుగు నేలకు ఏడున్నర శతాబ్దాలకు పైబడిన మర్యాద.

గుంటూరు నడిబొడ్డున ఆరు స్తంభాల పైన గుమ్మటంతో నిలిచిన జిన్నా టవర్‌నూ చూపండి. 1940వ దశకంలో కట్టిన ఆ స్తూపం పేరు మార్చాలని 2022 తొలినాళ్ళలో వివాదం రేగింది. చివరకు దానికి మువ్వన్నెల రంగు వేశారు, జాతీయ జెండా ఎగురవేశారు. కట్టడం నిలిచింది. ఆ సమయంలో మన యువకులు కవ్వింపునకు లొంగలేదు. బిడ్డలు పేరు గురించి అడిగితే తప్పించుకొనవద్దు. దేశ విభజనకు ముందటి కాలాన్ని, ఆ తర్వాత ఈ నేలనే ఎన్నుకొని నిలిచిన మన తాతలను గురించి చెప్పండి.

ఇవి పేరున్న చోట్లు. పేరు లేనివి ఇంకా ఎన్నో ఉన్నవి. పల్నాటి నుండి ఒంగోలు దాకా ఊరూరా పీర్ల చావిళ్ళు, దర్గాలు, ఖబరస్తాన్‌లు ఉన్నవి. పత్తి ఏకి, పరుపులు కుట్టి బ్రతికిన దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల చేతిపని చరిత్రకు స్తూపం లేదు. పీర్లకు మలీదా తెచ్చే హిందూ కుటుంబాల జ్ఞాపకానికి శాసనం లేదు. పీర్ల పండుగ విషయమై మనలో అభిప్రాయభేదాలు ఉన్నమాట నిజమే. ఆ చర్చ వేరు. ఆ స్థలం ఎవరిదన్న ప్రశ్న వేరు. మొదటిది తేలేదాకా రెండవదాన్ని వదలివేస్తే స్థలమే మిగలదు.

ఇక్కడ కుర్తుబా మనకు గట్టి పాఠం చెబుతున్నది. 1998లో స్పెయిన్ చట్టంలో మార్పు వచ్చి, ఆరాధనాలయాలను చర్చి తన పేర నమోదు చేసుకొనే వీలు కలిగింది. 2006లో కార్డోబా డయోసిస్ ఆ మహా కట్టడాన్ని తన పేర వ్రాయించుకొన్నది. అందుకైన రుసుము సుమారు 30 యూరోలు. ఊరి ప్రజలకు తెలిసినది ఆ తర్వాతనే. ఏటా లక్షలాదిమంది చూసే కట్టడం సైతం కాగితం దగ్గర అంత నిశ్శబ్దంగా తేలిపోయింది. ఎవరూ చూడని మన ఊరి ఖబరస్తాన్ మాటేమిటి?

మన దేశంలో 2025 వక్ఫ్ సవరణ చట్టం, వాడుక వల్ల వక్ఫ్ అన్న సూత్రాన్ని ఇకముందుకు తొలగించింది. చట్టం రాకమునుపే నమోదై, వివాదంలోగాని ప్రభుత్వ భూమిగాగాని లేనివాటికే ఆ గుర్తింపు మిగిలింది. తాతల నాటి నుండి నమాజు చేస్తున్నాము, ఇక్కడే ఖననం చేస్తున్నాము అన్న మాట ఒక్కటే ఇకమీదట చాలదు. ఈ చట్టం న్యాయమా కాదా అన్న పోరాటం న్యాయస్థానంలోనూ వెలుపలా సాగవలసినదే. అయితే అది సాగుతుండగానే మన వంతు పని మనం చేయాలి.

ఆ పని ఇది. ప్రతి ఊరిలో నలుగురు యువకులు పూనుకొని మసీదు, దర్గా, చావిడి, ఖబరస్తాన్‌ల ఫొటోలు తీయాలి, నాలుగు హద్దులు వ్రాయాలి, సర్వే నంబరు తెలుసుకోవాలి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు ఇనాం కమిషన్ 19వ శతాబ్దంలో వ్రాయించిన ఇనాం ఫెయిర్ రిజిస్టర్లలో మసీదుల, దర్గాల సేవకు ఇచ్చిన మాన్యాల వివరాలు ఉన్నవి. వాటి నకళ్ళు అడిగి తీసుకోవాలి. వక్ఫ్ గెజిట్‌లో మన ఊరి పేరు ఉన్నదో లేదో చూడాలి. ముసలివారి మాటను, హిందూ పెద్దల సాక్ష్యాన్ని కూడా రికార్డు చేయాలి. కుర్తుబాలో మసీదును పడగొట్టవద్దన్నది అన్యమతస్థులే అన్నది మరువరాదు. మన ఊళ్ళలోనూ అటువంటివారు ఉన్నారు. వారి గడపకు మనమే ముందుగా వెళ్ళాలి.

తల్లులకు ఒక మనవి. ఈ ఏడు సెలవులలో బిడ్డలను కొండవీటికి తీసుకొని పోండి. వచ్చే దారిలో మన ఊరి ఖబరస్తాన్ దగ్గర కూడా ఆగి, ఎవరు ఎక్కడ ఉన్నారో పేర్లతో చెప్పండి. ఇంటికి వచ్చిన తర్వాత ఆ పేర్లను వారి చేతనే ఒక నోటు పుస్తకంలో వ్రాయించండి. హద్దుల కాగితం ఎంత అవసరమో, ఆ పుస్తకమూ అంతే అవసరం.